పడిపోకుండా ఆపే యాప్‌ను పెద్దవాళ్లు ఎందుకు పక్కన పెడతారు

"మంచి విషయమే, అందరూ తెలుసుకోవాలి. కాకపోతే నాకు ఇంకా ఆ అవసరం రాలేదు." వయసు పైబడినవారికి పడిపోకుండా జాగ్రత్తలు చెప్పబోయిన డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు, ఇంట్లో పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట విని ఉంటారు. అవే జాగ్రత్తలను వెబ్‌సైట్‌లోనో ఫోన్‌లో యాప్‌గానో ఇచ్చినా జవాబు పెద్దగా మారదు. చెప్పేవాళ్లు మాత్రం అప్పుడు వేరే కారణం వెతుక్కుంటారు. పెద్దవాళ్లకు ఫోన్ వాడటం రాదు, టెక్నాలజీ అంటే భయం, అందుకే వద్దంటున్నారు అనుకుంటారు. ఇందులో నిజం కొంతే. మిగతాది పెద్దవాళ్లే పరిశోధకులకు విడమరచి చెప్పారు, అదీ స్మార్ట్‌ఫోన్లు ఇంటింటికీ రాకముందే.

బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన లూసీ యార్డ్లీ బృందం 2006లో ఒక అధ్యయనం ప్రచురించింది. 61 నుంచి 94 ఏళ్ల వయసున్న 66 మందితో, కొందరితో విడిగా, కొందరితో గుంపుగా మాట్లాడి, పడిపోకుండా ఇచ్చే సలహాల మీద వాళ్ల అభిప్రాయం తెలుసుకున్నారు. ఆ సలహాలంటే ఇంట్లో అడ్డంగా ఉన్నవి తీసేయడం, కర్ర పట్టుకోవడం, తిరుగుడు తగ్గించుకోవడం అని చాలామంది అనుకున్నారు. కాళ్ల బలం, బ్యాలెన్స్ పెంచే వ్యాయామంతో పడే ముప్పు తగ్గుతుందని తెలిసినవారు ఆ 66 మందిలో ఒక్కరే. సలహా మంచిదేనని ఒప్పుకుంటూనే అది తమకంటే పెద్దవాళ్లకు, తమకంటే బలహీనంగా ఉన్నవాళ్లకు అన్నారు. కొందరికి అది చిన్నపిల్లలకు చెప్పినట్టు అనిపించింది, కొందరికి బాధ కలిగించింది.

ముప్పు తెలియక వాళ్లు సలహాను తోసిపుచ్చడం లేదని ఆ బృందం తేల్చింది. తామెవరో, తమ బతుకు తమ చేతిలో ఎంత ఉందో అన్నదాన్ని ఆ సలహా కదిలిస్తుంది కాబట్టి పక్కన పెడుతున్నారు. ఇది మన ఇళ్లలోనూ తెలిసిన విషయమే. నాన్న ఒకసారి బాత్రూమ్‌లో జారాడని తెలియగానే ఇంట్లో మాట మారిపోతుంది. ఒక్కడివే బజారుకు వెళ్లకు, మేడ మీదికి ఎక్కకు, బండి తీయకు, రాత్రి లేస్తే పిలువు. ప్రేమతోనే అంటారు. కానీ వినేవాళ్లకు అది ఒక్కొక్క పనీ చేతిలోంచి జారిపోవడమే. అందుకే ఎంతోమంది పెద్దలు పడిన సంగతి బయటికి చెప్పరు. మోచేయి కమిలితే తలుపు తగిలిందంటారు. ఇంట్లోనే కాదు, ఆసుపత్రిలోనూ ఇంతే. అమెరికాలో 65 దాటినవారిలో ఏటా ప్రతి నలుగురిలో ఒకరికి పైగా పడుతున్నారని, వారిలో సగం మంది కూడా ఆ మాట డాక్టర్‌కు చెప్పడం లేదని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది.

సంగతి చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు గాయాలతో జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఈ మరణాల్లో 80 శాతానికి పైగా తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లోనే, అంటే మనలాంటి దేశాల్లోనే జరుగుతున్నాయి. చనిపోని వారి సంగతి వేరే. తుంటి విరిగి ఆపరేషన్ అయిన మనిషి మళ్లీ మునుపటిలా నడవడం చాలా సందర్భాల్లో కుదరదు.

మరి ముప్పు తగ్గుతుందా అంటే తగ్గుతుంది. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019లో ఇచ్చిన సమీక్ష 108 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 23,407 మందిని పరిశీలించింది. వ్యాయామం చేసినవారిలో పడటాలు 23 శాతం తక్కువ. ఇందులో బాగా పనిచేసేవి బ్యాలెన్స్ వ్యాయామాలు, కూర్చుని లేవడం, మెట్టు ఎక్కి దిగడం లాంటి రోజూ చేసే కదలికలతో కూడినవి. ఒట్టి వాకింగ్‌కు ఆ స్థాయి రుజువు లేదు. ఇది చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. మన పార్కుల్లో పొద్దున్నే తిరిగే పెద్దలందరూ ఇక పడబోమనే నమ్మకంతో ఉంటారు. నడక గుండెకు, షుగరుకు మంచిదే. తూలినప్పుడు నిలదొక్కుకోవడం మాత్రం వేరే నేర్పు, దాన్ని వేరుగా సాధన చేయాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకసారి పడ్డాక వచ్చే భయం. పడతానేమోనని కదలడం తగ్గిస్తారు, కదలకపోతే తొడల్లో సత్తువ తగ్గుతుంది, సత్తువ తగ్గితే నిజంగానే పడతారు. "జాగ్రత్త, పడతారు" అని మాటిమాటికీ హెచ్చరించే సాధనం ఈ భయానికే నీళ్లు పోస్తుంది. పెద్దవాళ్లు అలాంటి యాప్‌ను తీసేస్తే అది మొండితనం అనడం అన్యాయం.

ఆన్‌లైన్ సాధనాలన్నింటినీ ఒకే గాట కట్టలేం. మొదటి రకం, ముప్పు ఎంతో చెప్పే ప్రశ్నావళి. సీడీసీ తయారుచేసిన 12 ప్రశ్నల పత్రం ఇందులో బాగా తెలిసినది. గత ఏడాదిలో పడ్డారా, కుర్చీలోంచి లేవడానికి చేతులతో ఊతం కావాలా, ఇంట్లో నడిచేటప్పుడు సామాన్లు పట్టుకుంటారా, బాత్రూమ్‌కు తరచూ పరుగెత్తాల్సి వస్తోందా, పాదాల్లో స్పర్శ తగ్గిందా, నిద్ర మాత్రలు వాడుతున్నారా, దిగులుగా ఉంటోందా అని అడుగుతుంది. మొత్తం 4 లేదా అంతకంటే ఎక్కువ మార్కులు వస్తే ముప్పు ఉన్నట్టు. అమెరికాలో వృద్ధుల కోసం పనిచేసే జాతీయ మండలి కూడా ఇలాంటి దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టింది. నాలుగైదు నిమిషాల పని. ఎవరూ ఎదురుగా ఉండరు కాబట్టి నిజం చెప్పడం తేలిక. డాక్టర్ గదిలో చెప్పలేని బాత్రూమ్ సంగతి తెర మీద నొక్కడం కొందరికి సులువు. తీరా చివర్లో "మీకు ముప్పు ఎక్కువ" అని ఒక మాట చూపించి ఆగిపోతే ఆ మనిషికి మిగిలేది టెన్షన్ మాత్రమే.

రెండో రకం, పడ్డాక పసిగట్టే పరికరాలు. 2018లో యాపిల్ వాచ్‌లో ఈ సౌకర్యం వచ్చాక చాలామందికి తెలిసింది. ఇది పడకుండా ఆపదు, పడినప్పుడు కబురు చేస్తుంది. పిల్లలకు నచ్చేది ఎక్కువగా ఇదే, ముఖ్యంగా డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటూ విజయవాడలో ఒంటరిగా ఉన్న అమ్మ గురించి రాత్రిళ్లు ఆలోచించే వాళ్లకు. తల్లిదండ్రులకు అదే పరికరం, దానితో పాటు వచ్చే కెమెరా, కాపలాలా కనిపించవచ్చు. ఇలాంటి పరికరాలపై పెద్దల అభిప్రాయాలను చెప్పే అధ్యయనాలన్నిటినీ హెలెన్ హాలీ-హేగ్ బృందం 2014లో ఒకచోట చేర్చి చూసింది. అదుపు ఎవరి చేతిలో ఉంది, నా స్వతంత్రం పెరుగుతుందా తగ్గుతుందా, నాకు నిజంగా అవసరమా అన్న విషయాలే నిర్ణయాన్ని నడిపిస్తున్నాయని అందులో తేలింది. అక్షరాల సైజు, బటన్ల సంఖ్య లాంటివీ ముఖ్యమే. కానీ అవి బాగున్నంత మాత్రాన పై మూడింటికి జవాబు దొరకదు.

మూడో రకమే అసలైనది, ఇంట్లోనే వ్యాయామం చేయించే కార్యక్రమం. దీని మీద ఆస్ట్రేలియాలో జరిగిన ప్రయోగం వివరంగా చెప్పుకోదగ్గది. సిడ్నీలోని న్యూరోసైన్స్ రీసెర్చ్ ఆస్ట్రేలియా సంస్థలో కిమ్ డెల్బేర్ బృందం 'స్టాండింగ్ టాల్' అనే కార్యక్రమాన్ని ట్యాబ్లెట్ కోసం తయారుచేసింది. 70 దాటి, తమ ఇళ్లలో స్వతంత్రంగా బతుకుతున్న 503 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు బ్యాలెన్స్ వ్యాయామాలు చేసింది, వారానికి రెండు గంటలు లక్ష్యం, రెండేళ్ల పాటు. రెండో గుంపుకు అదే ట్యాబ్లెట్‌లో ఆరోగ్య పాఠాలు ఇచ్చారు. ఫలితాలు 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి.

మొదటి ఏడాది చివరికి రెండు గుంపుల మధ్య గట్టి తేడా కనిపించలేదు. అక్కడే ఆపి ఉంటే కార్యక్రమం విఫలమైందని రాసుకునేవారు. రెండేళ్లు పూర్తయ్యేసరికి వ్యాయామం చేసిన గుంపులో పడటాలు 16 శాతం, గాయాలతో పడటాలు 20 శాతం తగ్గాయి. ఏడాది తర్వాత కూడా 68 శాతం మంది వ్యాయామం చేస్తూనే ఉన్నారు. రెండేళ్ల తర్వాత 52 శాతం. అలా కొనసాగించినవారు చేస్తున్నది వారానికి సుమారు రెండు గంటలు, అంటే అనుకున్నంతా. జిమ్‌లో డబ్బు కట్టి రెండు నెలలకే మానేసే కుర్రవాళ్లను చూసిన కళ్లకు ఈ అంకె తక్కువగా కనిపించదు. 70 దాటినవారు తెర ముందు నిలబడి, పక్కన ఎవరూ లేకుండా, రెండేళ్లు సాధన చేశారు. పెద్దవాళ్లకు టెక్నాలజీ పడదన్న మాటకు ఇది సూటి జవాబు.

ఈ ప్రయోగం అన్నిటికీ రుజువు కాదని కూడా చెప్పాలి. పాల్గొన్నవారు తమంతట తాము ముందుకొచ్చినవారు. మతిమరుపు జబ్బు ఉన్నవారు అందులో లేరు. మొదలుపెట్టేటప్పుడు చేయి పట్టి చూపించే మనిషి ఉన్నాడు, పరికరం ఇచ్చారు. ఇవేవీ లేకుండా లింకు ఒకటి వాట్సాప్‌లో పంపేసి అవే ఫలితాలు రావాలనుకోవడం కుదరదు.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఎమ్మా స్టాన్‌మోర్ నాయకత్వంలో తయారైన 'కీప్ ఆన్ కీప్ అప్' యాప్ మరో ఉదాహరణ. బలం, బ్యాలెన్స్ వ్యాయామాలకు ఆటలు జోడించి, తయారీ దశ నుంచే పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని చేశారు. యార్డ్లీ బృందం కూడా తర్వాతి ఏళ్లలో ఒక వెబ్‌సైట్ పెట్టి చూసింది. అందరికీ ఒకే సలహా ఇచ్చే పేజీకి, మనిషి ఆరోగ్యం, ఇష్టం అడిగి దానికి తగ్గ వ్యాయామం సూచించే పేజీకి తేడా పరిశీలించింది. రెండోదాన్నే పెద్దలు 'ఇది నా గురించే' అనుకున్నారు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి, షుగర్ వల్ల పాదాలు తిమ్మిరెక్కే మనిషికి ఒకే వీడియో చూపిస్తే ఇద్దరూ ఆపేస్తారు. ఎంచుకునే అవకాశం ఇస్తే అధికారం వాళ్ల దగ్గరే ఉంటుంది.

తెలుగు ఇళ్ల సంగతికి వస్తే, పెద్దవాళ్ల నోట తరచూ వినిపించే కోరిక ఒకటుంది: కాలూ చెయ్యీ ఆడుతుండగానే, ఒకరితో చేయించుకోకుండా వెళ్లిపోవాలి. పరిశోధకులు ఇంగ్లండ్‌లో కష్టపడి కనిపెట్టిన కారణం ఇక్కడ రోజువారీ మాటల్లోనే ఉంది. మంచాన పడతామన్న భయం కంటే, మన పనులు మనం చేసుకోవాలన్న ఆశ దగ్గర మొదలుపెడితే సగం మాటలు చెప్పక్కర్లేదు. "మీ పిల్లల పెళ్లి పీటల దగ్గర కింద కూర్చుని లేవగలరా, తిరుపతిలో క్యూలో నిలబడగలరా, మనవడిని ఎత్తుకోగలరా" అని అడిగితే ఏ పెద్దాయనా కసురుకోడు. "మీరు పడిపోయే రకమా" అని అడిగితే కసురుకుంటాడు.

అమెరికా ప్రశ్నావళిని ఉన్నదున్నట్టు తెలుగులోకి దించేసినా పని కాదు. ఫుట్‌పాత్ అంచు ఎక్కడానికి ఇబ్బందా అన్న ప్రశ్న పల్లెటూరి అమ్మమ్మకు తగలదు. గడప దాటేటప్పుడు చేయి గోడకు ఆనిస్తున్నారా అంటే వెంటనే అర్థమవుతుంది. కుర్చీలోంచి లేవడంతో పాటు నేల మీంచి లేవడం గురించి అడగాలి, ఇండియన్ టాయిలెట్ మీద కూర్చుని లేవడం గురించి అడగాలి. మన ఇళ్లలో పడే చోట్లు తెలిసినవే. తడి ఆరని బాత్రూమ్ నేల, కల్లాపి చల్లిన వాకిలి, నున్నటి గ్రానైట్ మెట్లు, అరిగిన హవాయి చెప్పులు, కాలికి అడ్డం పడే చీర కుచ్చిళ్లు, కరెంటు పోయిన రాత్రి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు ఇంకో చోటు కలుస్తుంది: కాలు బాగా ఎత్తి దాటాల్సిన బాత్‌టబ్ అంచు. జీవితమంతా బకెట్, మగ్గుతో నేల మీద స్నానం చేసిన మనిషికి ఆ అంచు రోజూ పరీక్షే. అక్కడ చేతికి అందేలా గోడకు ఒక కడ్డీ బిగిస్తే చాలావరకు సరిపోతుంది.

చదువు మాట కూడా తలచుకోవాలి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 60 దాటినవారు దాదాపు 10.4 కోట్ల మంది. వారిలో సగానికి పైగా చదవడం, రాయడం రానివారు. అలాగని వాళ్లు ఫోన్‌కు దూరంగా లేరు. యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటారు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతారు, మనవరాలితో వీడియో కాల్‌లో గంటసేపు మాట్లాడతారు. వినగలిగేది, చూడగలిగేది అయితే వాడతారు. దీనికి నమూనా ఇప్పటికే ఉంది. సిడ్నీలో డెల్బేర్ బృందం పడతామన్న భయాన్ని కొలవడానికి బొమ్మలతో ప్రశ్నావళి తయారుచేసింది. మెట్లు, స్నానం, జారే నేల, ఇలా ఒక్కో సందర్భాన్నీ బొమ్మలో చూపించి ఎంత భయంగా ఉంటుందో అడుగుతారు. మన గడప, మన బాత్రూమ్, మన బస్సు ఫుట్‌బోర్డు బొమ్మలు వేసి, పక్కన తెలుగులో గొంతు వినిపిస్తే అక్షరం రాని వారూ జవాబు చెప్పగలరు. ఆ గొంతు కూడా వార్తలు చదివే గొంతులా కాకుండా, పక్కింటి నర్సమ్మ మాట్లాడినట్టుంటే ఇంకా మంచిది.

మోసం భయం మాత్రం నిజమైన అడ్డంకి. పింఛను డబ్బు పోగొట్టుకున్నవారి కథలు, డిజిటల్ అరెస్ట్ పేరుతో బెదిరించి లక్షలు లాగిన వార్తలు వింటున్న పెద్దవాళ్లు, తెలియని లింకు నొక్కొద్దని పిల్లలు చెప్పిన మాట బుద్ధిగా పాటిస్తున్నారు. అలాంటిది ఒక ఆరోగ్య యాప్ తెరవగానే ఫోన్ నంబరు, ఓటీపీ, ఆధార్ అడిగితే వాళ్లు మూసేయడమే సరైన పని. ముప్పు చూసుకోవడానికి పేరు కూడా అక్కర్లేదు. పరిచయం ఉన్న మనిషి చేతుల మీదుగా వస్తే నమ్మకం వేరు. ఊళ్లో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, తెలంగాణలో పల్లె దవాఖానా, బస్తీ దవాఖానా, ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్, వీళ్లలో ఎవరో ఒకరు తమ ఫోన్‌లో చూపించి మొదటిసారి కలిసి చేస్తే, రెండోసారి ఇంట్లో ఒంటరిగా చేసే ధైర్యం వస్తుంది. వృద్ధుల ఆరోగ్యం కోసం కేంద్రం 2010లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం ఉంది, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది. ముప్పు ఎక్కువని తేలిన మనిషిని తర్వాత ఎక్కడికి పంపాలన్నదానికి ఇలాంటివి దారి చూపగలవు.

ఆ తర్వాతి మెట్టు లేకపోతే ప్రశ్నావళి వృథా. ఎందుకంటే పడటానికి కారణాల్లో కొన్ని వ్యాయామంతో పోవు. కూర్చుని లేచిన మూడు నిమిషాల్లో పై బీపీ 20 పాయింట్లు పడిపోయే వారికి కళ్లు బైర్లు కమ్ముతాయి. బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు దీనికి కారణం కావచ్చు. ఏళ్ల తరబడి వాడుతున్న నిద్ర మాత్ర రాత్రి రెండింటికి బాత్రూమ్‌కు లేచినప్పుడు ఒళ్లు తూలేలా చేస్తుంది. షుగర్ పడిపోవడం, ముదిరిన శుక్లం, మెట్లు దిగేటప్పుడు కిందిది మసకగా చూపించే బైఫోకల్ అద్దాలు కూడా ఇందులోవే. వీటి గురించి సాధనం అడగాలి, కానీ ఫలానా మాత్ర ఆపేయమని అది చెప్పకూడదు. వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, నిలబెట్టి కూడా బీపీ చూడమని అడగండి అని చెబితే అది పెద్దవాళ్లు చేయగల పని. ఇంట్లో చూసుకోగల పరీక్ష కూడా ఒకటుంది. వంటింటి గట్టు పక్కన, చేయి అందేంత దూరంలో, పక్కన ఒక మనిషి ఉండగా, ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్లకు ఆనేలా నిలబడటం. పది సెకన్లు అలా ఉండలేకపోతే పడే ముప్పు ఎక్కువని సీడీసీ కొలమానం.

ఇంట్లో చిన్నవాళ్ల పాత్ర ఎలా ఉండాలన్నది చాలా యాప్‌లు తప్పుగా అంచనా వేస్తాయి. యాప్ ఎక్కించి, పాస్‌వర్డ్ పెట్టి, ఫలితాలు తమ ఫోన్‌కు వచ్చేలా అమర్చేది కొడుకో కూతురో. డౌన్‌లోడ్ చేసేవారిని చూసి యాప్ తయారైతే అది వాళ్ల టెన్షన్ తగ్గించే వస్తువవుతుంది, అమ్మానాన్నల కాళ్లకు బలమిచ్చే వస్తువు కాదు. పిల్లలు చేయగల మంచి పని ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి తామూ పక్కనే వ్యాయామం చేయడం. హైదరాబాద్‌లో ఉన్న తల్లి, న్యూజెర్సీలో ఉన్న కూతురు ఒకే సమయంలో కుర్చీలోంచి పదిసార్లు లేస్తే ఇద్దరికీ మేలే. అది పర్యవేక్షణలా అనిపించదు, తోడులా ఉంటుంది.

జవాబులు ఎవరికి చేరాలన్నది మాత్రం వాడే మనిషే చెప్పాలి. ఎవరికీ వద్దు, డాక్టర్‌కు మాత్రమే, పిల్లలకు కూడా అని మూడు బటన్లు మొదటి తెర మీదే కనబడాలి, తర్వాత మార్చుకునే వీలూ ఉండాలి. ఆ ఎంపిక ఇవ్వని సాధనంలో, గత ఏడాదిలో పడ్డారా అన్న మొదటి ప్రశ్నకు, మొన్ననే వాకిట్లో జారి లేచిన మనిషి కూడా లేదు అనే నొక్కుతారు.